ముప్ఫై తేడా

మా బాపు కరీంనగర్‌లో వెండి తీగ పని చేసేవాడు. ఇప్పుడు అందరూ ఫిలిగ్రీ అంటున్నారు, 2007లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మా చిన్నప్పుడు మా వాడలో అది తీగ పనే. వెండిని కరిగించి కడ్డీ పోసి, కమ్మచ్చు చిల్లుల్లోంచి పెద్దదాని తర్వాత చిన్నదాంట్లో లాగుతూ పోతే చివరికి వెంట్రుక లాంటి తీగ వచ్చేది. రెండు తీగలు మెలేసి, చదును చేసి, శ్రావణంతో పట్టుకుని వంచితే ఆకు, మొగ్గ, నెమలి ఈక, ఏది కావాలంటే అది. ఆ తర్వాత వెలిగారం, ఊదుగొట్టం, కుంపటి.

నాకు ఆ నెమళ్ళకన్నా త్రాసు మీదే మోజు ఎక్కువ. సేటు ఇచ్చిన వెండి ఎంత, తిరిగి ఇచ్చిన వస్తువు ఎంత, కింద రాలిన రజను ఎంత? ఈ లెక్క కుదరకపోతే ఆ రాత్రి ఇంట్లో అన్నం సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. ఒకసారి పాన్‌దాన్ మూతకు రెండు నెమళ్ళు చేశాడు. అచ్చు ఒకేలా ఉన్నాయి. తూచితే ఒకటి రెండు గురిగింజల ఎత్తు తక్కువ. మా అన్న, నేను దీపం దగ్గర పెట్టి తిప్పి తిప్పి చూశాం. ఏం దొరకలేదు. బాపు నవ్వి, ఒక ఈకలో లోపలి మెలిక తీగను చూపించాడు. అక్కడ పనికుర్రాడు సన్నరకం తీగ వాడేశాడట.

"సూపుకు దొరకదు బిడ్డా, తూకానికి దొరుకుతది" అన్నాడు.

ఆ మాట నాకు తర్వాత జీతం తెచ్చిపెట్టింది. అది తర్వాతి సంగతి.

1990లో తీగ పని బాగా తగ్గిపోయింది. ఇంట్లో నలుగురు పిల్లలం. ఉట్నూరులో టీచరుగా ఉన్న మా మేనమామ వచ్చి, "దీన్ని నేను సదివిస్త" అని నన్ను తీసుకుపోయాడు. ఎనిమిదో తరగతి. కరీంనగర్ నుంచి బస్సు రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి, లక్సెట్టిపేట, జన్నారం మీదుగా టేకు అడవిలోకి దూరితే నాకు ఇంకో దేశానికి పోతున్నట్టే అనిపించింది. ఉట్నూరు చలి సంగతి వేరే చెప్పాలి. తెలంగాణలో ఎక్కడ చలి ఎక్కువంటే ఇప్పటికీ ఆదిలాబాద్ వైపే చూపిస్తారు. కరీంనగర్‌లో దుప్పటి చాలు, అక్కడ గొంగడి కావాలి.

బడిలో నా పక్కన కూర్చున్నది ఒక గోండు పిల్ల. కేస్లాపూర్ వైపు పల్లె, హాస్టల్లో ఉండేది. పేరు రాయను, వాళ్ళింట్లో వాళ్ళకు ఇష్టం ఉండదు. లెక్కల్లో నాకన్నా ముందుండేది. తెలుగు, మరాఠీ, గోండి మూడూ మాట్లాడేది. నేను గోండిలో రెండు మాటలు నేర్చుకుని తప్పు పలికితే బెంచీ మీద తల వాల్చి నవ్వేది. కళ్ళు మాత్రం ఎప్పుడూ కాస్త పచ్చగా ఉండేవి. కామెర్లని ఆకుపసరు పోసేవాళ్ళు, మెడలో తాయెత్తు కట్టేవాళ్ళు. చలికాలం వస్తే కాళ్ళు, చేతులు, నడుము నొప్పులని పడుకునేది. మామూలు నొప్పి కాదు. హాస్టల్లో ఒక రాత్రి గోడకు కాళ్ళు తన్నిపెట్టి ఏడుస్తుంటే నేను ఇటుక వేడి చేసి గుడ్డలో చుట్టి కాపడం పెట్టాను. వారం తర్వాత ఏమీ కానట్టు మళ్ళీ బడికొచ్చింది.

వారం రోజులు రాలేదని ఒక సారు బెత్తంతో కొట్టాడు. బద్ధకం అన్నాడు. ఈ పిల్లలు చలికాలం రాగానే ఊళ్ళకు పారిపోతారు అన్నాడు. అది ఆమె ఏం అనకుండా నిలబడి తిన్నది. పదో తరగతి పరీక్షలకు రెండు నెలల ముందు, 1993 జనవరిలో, నొప్పులతో ఊరికి పోయి మళ్ళీ రాలేదు. నేను మార్చిలో పరీక్షలు రాసి కరీంనగర్ వచ్చేశాను.

ఆ తర్వాత ఆరేళ్ళకు వరంగల్‌లో, కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతుంటే ఒక మధ్యాహ్నం క్లాసులో హిమోగ్లోబిన్ పాఠం. ఎర్ర రక్తకణంలో ఆక్సిజన్ మోసే ప్రోటీన్. నాలుగు గొలుసులు కలిసి ఒక ముద్ద. ఆల్ఫా గొలుసులు రెండు, ఒక్కోదాంట్లో 141 అమైనో ఆమ్లాలు. బీటా గొలుసులు రెండు, ఒక్కోదాంట్లో 146. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సింది పోయి వాలీన్ వస్తే ఆ ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కుని, గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాన్ని కొడవలిలా వంచేస్తాయి. కణాలు సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. రక్తం అందని చోట భరించలేని నొప్పి. కణాలు తొందరగా పగిలిపోతాయి కాబట్టి రక్తహీనత, పచ్చటి కళ్ళు. చలి తగిలినా, ఒంట్లో నీళ్ళు తగ్గినా నొప్పి తిరగబెడుతుంది. మనదేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో గుర్తించారు. మధ్యభారతంలో, మన ఆదిలాబాద్ గోండు, కోలాం గూడేల్లో కూడా ఉంది అని లెక్చరర్ చెప్పుకుంటూ పోతున్నాడు.

నేను పెన్ను పక్కన పెట్టేశాను. పచ్చటి కళ్ళు, గోడకు తన్నిపెట్టిన కాళ్ళు, వేడి ఇటుక. ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి.

ఆ రోజే మేనమామకు ఉత్తరం రాయాల్సింది. రాయలేదు. సెమిస్టర్ పరీక్షలు, తర్వాత ప్రాజెక్టు, తర్వాత ఉద్యోగం వేట. రాస్తా రాస్తా అనుకుంటూనే ఉన్నాను. 2003లో మేనమామ ఒక పెళ్ళిలో కలిసి మాటల మధ్యలో, "నీ పక్కన కూసునే పిల్ల లేదా, కాన్పులో పోయిందట, రెండేండ్లయితాంది" అన్నాడు. ఆమెకు రక్తపరీక్ష ఏదీ చేసినట్టు ఎవరికీ తెలియదు. అది సికిల్ సెల్లే అని నేను కాగితం చూపించి చెప్పలేను. కానీ 1999లో నాకు తెలిసింది. 2001 దాకా ఆమె బతికే ఉంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్నదేదో నేనింతవరకు ఎవరితో చెప్పుకోలేదు.

అప్పటికి హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాలలో చేరి ఏడాది అయింది. నేను చేరిన 2002లోనే మా పనిముట్టుకు నోబెల్ వచ్చింది. జాన్ ఫెన్, కొయిచి తనాకా అనే ఇద్దరికి, ప్రోటీన్ల లాంటి పెద్ద అణువులను పగలకుండా తూచే పద్ధతులు కనిపెట్టినందుకు. తనాకా జపాన్‌లో షిమాజు కంపెనీలో ఇంజనీరు, పీహెచ్‌డీ కూడా లేదు. ఆ ఏడు మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ లేని వాళ్ళమంతా ఆయన ఫొటో గోడకు అంటించుకున్నాం. ఫెన్ తన నోబెల్ ఉపన్యాసానికి అణు ఏనుగులకు రెక్కలు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. సరిగ్గా అదే పని. ప్రోటీన్ ఏనుగు లాంటిది, గాల్లోకి లేవదు. వేడి చేస్తే ఉడికిపోతుంది, గుడ్డులో తెల్లసొన గట్టిపడినట్టు. అందుకని ప్రోటీన్ కలిపిన ద్రావణాన్ని సన్నటి సూదిలోంచి పంపి, సూదికి వేల వోల్టుల కరెంటు పెడతారు. తుంపరలు లేస్తాయి. తుంపర ఆరిపోతూ పోతూ తనలోని విద్యుదావేశాన్ని ప్రోటీన్ మీదే వదిలిపోతుంది. ఆవేశం ఉన్నదేదైనా విద్యుత్ క్షేత్రంలో లాగితే కదులుతుంది. ఆ కదలికను కొలిచి బరువు చెప్పొచ్చు. ఇదే మాస్ స్పెక్ట్రోమెట్రీ. మన తార్నాకలో ఐఐసిటిలో దీనికి జాతీయ కేంద్రమే ఉంది.

నేను ఇంటికెళ్ళి బాపుకు చెప్తే, "అంటే మీది గాలిల తూచే తరాజు అన్నట్టు" అన్నాడు. ఇంతకన్నా బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

మామూలు బీటా గొలుసు బరువు 15,867 డాల్టన్లు. డాల్టన్ అంటే సుమారుగా ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు అనుకోండి. సికిల్ బీటా గొలుసు 15,837. తేడా ముప్ఫై. గ్లుటామిక్ ఆమ్లం పోయి తేలికైన వాలీన్ వచ్చింది కాబట్టి అంతే తగ్గుతుంది. యంత్రం ఈ బరువును నేరుగా చూపించదు. పద్దెనిమిది ఆవేశాలు ఎక్కిన గొలుసు 882.5 దగ్గర, పదిహేడు ఎక్కినది 934.4 దగ్గర, ఇట్లా శిఖరాల వరస వస్తుంది. ఆ వరసను కంప్యూటర్ వెనక్కి లెక్కగట్టి ఒక్క బరువుగా తేలుస్తుంది. మొదటిసారి ఒక పేరు లేని నమూనాలో 15,867 పక్కనే 15,837 కనబడిన రోజున నేను లంచ్‌కు పోలేదు.

మరి ఎక్కడ తగ్గిందో ఎట్లా తెలుస్తుంది? గొలుసును ట్రిప్సిన్ అనే ఎంజైముతో ముక్కలు చేసి ఒక్కో ముక్కా తూస్తారు. మొదటి ముక్కలో ఎనిమిది అమైనో ఆమ్లాలు. మామూలు రక్తంలో అది 952.5 దగ్గర, సికిల్‌లో 922.5 దగ్గర. మళ్ళీ అదే ముప్ఫై. ఈ ముక్కలు చేసే ఉపాయం కొత్తదేం కాదు. 1949లో లైనస్ పాలింగ్ బృందం సికిల్ హిమోగ్లోబిన్ కరెంటు క్షేత్రంలో వేరేలా కదులుతోందని చూసి, ఒక జబ్బుకు అణువే మూలం అని తేల్చింది. 1956లో వెర్నన్ ఇంగ్రామ్ హిమోగ్లోబిన్‌ను ఇట్లాగే ట్రిప్సిన్‌తో ముక్కలు చేసి, కాగితం మీద పరిచి, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాడు. అన్ని మచ్చలూ ఒకేచోట, ఒక్క మచ్చ మాత్రం జరిగి ఉంది. మరుసటి ఏడుకల్లా ఆ మచ్చలో ఏది పోయి ఏది వచ్చిందో చెప్పాడు. ఆయన అన్ని రోజులు కూర్చుని చేసిన పని మా యంత్రం చాయ్ తాగేలోపు చేస్తుంది. అయినా నాకు ఆయన కాగితం మీదే గౌరవం.

బరువు తెలిస్తే సరిపోదు, ఆకారం కావాలి. తీగ ఎంత తూగిందో తెలిస్తే నెమలి తెలియదు కదా. ఆకారానికీ తూకాన్నే వాడుకునే ఒక చక్కటి ఉపాయం ఉంది. ప్రోటీన్‌ను భారజలంలో ముంచుతారు. మన మణుగూరులో గోదావరి నీళ్ళలోంచి తీసి అణు రియాక్టర్లకు పంపేది ఆ భారజలమే. అందులో హైడ్రోజన్ బదులు రెట్టింపు బరువున్న డ్యుటీరియం ఉంటుంది. ప్రోటీన్ పైభాగంలో ఉన్న కొన్ని హైడ్రోజన్లు తొందరగా మారిపోయి డ్యుటీరియం ఎక్కించుకుంటాయి, మడతల లోపల దాగినవి ఆలస్యంగా. వాన కురిసినప్పుడు మడత పెట్టిన గొంగడి పైభాగం ముందు తడిసినట్టు. కాసేపయ్యాక ద్రావణాన్ని బాగా చల్లబరిచి, పులుపెక్కించి ఆ మార్పును ఆపి, ముక్కలు చేసి తూస్తే, ఏ ముక్క ఎంత తడిసిందో తెలుస్తుంది. ఏది బయట, ఏది లోపల అని దాన్నిబట్టి గీయొచ్చు. నా ఉద్యోగంలో సగం కాలం ఈ తడి లెక్కల్లోనే గడిచింది.

మిగిలిన సగం కంప్యూటర్ ముందు. తీగను ఎటు పడితే అటు వంచలేం. బాపుకు ఎక్కడ వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో వేళ్ళకు తెలుసు. ప్రోటీన్ గొలుసుకు ఆ హద్దులు గీసింది మన మద్రాసులోనే. 1963లో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ గొలుసులో ఒక్కో కీలు దగ్గర ఏ రెండు కోణాలు సాధ్యం, ఏవి కావు అని పటం వేశారు. ప్రపంచంలో ఎవరు ప్రోటీన్ ఆకారం తేల్చినా ఇప్పటికీ రామచంద్రన్ పటంతో సరిచూసుకోవాల్సిందే. మా ల్యాబ్‌కొచ్చే ఉత్తరాది పిల్లలకు ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వం వస్తుంది, ఆయన మనవాడు కాకపోయినా.

2020 చివర్లో గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ వాళ్ళ ఆల్ఫాఫోల్డ్ వచ్చింది. అక్షరాల వరస ఇస్తే ఆకారం చెప్తుంది. ప్రయోగాలతో తేలిన లక్షన్నరకు పైగా ఆకారాలు చూసి నేర్చుకున్నది. 2021 జూలైలో అందరికీ తెరిచారు. 2024లో డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు నోబెల్, వాళ్ళతోపాటు కొత్త ప్రోటీన్లను రూపొందించే డేవిడ్ బేకర్‌కు కూడా. మేం నెలల తరబడి తడి లెక్కలు వేసి గీసేది అది కొన్ని నిమిషాల్లో గీసేస్తే ఎట్లా ఉంటుందో చెప్పలేను. కమ్మచ్చు పట్టిన చేతికి మిషన్ చైను చూపించినట్టు ఉంటుంది.

తెరిచిన వారంలోనే ఒక రాత్రి నేను చేసిన పని ఏంటంటే, బీటా గొలుసు 146 అక్షరాలు ఇచ్చాను. బొమ్మ వచ్చింది, దాదాపు అంతా ముదురు నీలం. నీలం అంటే దానికి నమ్మకం ఎక్కువ అని గుర్తు. తర్వాత ఆరో అక్షరం ఒక్కటి మార్చి మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ అదే బొమ్మ. అదే నీలం. ఒకదాని మీద ఒకటి పెడితే తేడా కంటికి ఆనలేదు. ఒక నెమలి, ఇంకో నెమలి.

తప్పు కంప్యూటర్‌ది కాదు. నిజంగానే విడి అణువుగా చూస్తే సికిల్ హిమోగ్లోబిన్ ఆకారం మామూలుదానిలాగే ఉంటుంది. తేడా అంతా ఆక్సిజన్ దించేశాక, పక్కదానితో కలిసినప్పుడే. గ్లుటామిక్ ఆమ్లానికి నీళ్ళంటే ఇష్టం, వాలీన్‌కు జిడ్డు గుణం. ఆక్సిజన్ దించిన హిమోగ్లోబిన్‌లో ఒక చిన్న గుంట తెరుచుకుంటుంది, బీటా గొలుసులో 85, 88 స్థానాల దగ్గర. పక్క అణువు వాలీన్ వచ్చి ఆ గుంటలో ఇరుక్కుంటుంది. దానికి ఇంకోటి, దానికి ఇంకోటి. అట్లా పద్నాలుగు పోగుల తాడు పేనుకుని కణాన్ని లోపల్నుంచి పొడుస్తుంది. ఒక్క మనిషిని చూసి జాతర గుంపు ఎటు తోస్తుందో చెప్పమంటే ఎట్లా చెప్తారు? ఒక్క గొలుసు ఇచ్చి జబ్బు చూపించమంటే ఆ ప్రోగ్రామూ అంతే. అయినా ఆ రాత్రి ఆ నీలం బొమ్మ మీద నాకు కోపం వచ్చింది. ఆమెకు ఏం కాలేదు, అంతా బాగానే ఉంది అని బెత్తం పట్టుకున్న సారు చెప్పినట్టే చెప్పింది.

2024 నవంబర్‌లో ఫోన్ వచ్చింది. ఆమె తమ్ముడు. నేను ఉట్నూరులో ఉన్నప్పుడు ఏడేళ్ళ పిల్లగాడు, సంతకొచ్చినప్పుడు అక్క కోసం హాస్టల్ గేటు దగ్గర నిలబడేవాడు. మా మేనమామ దగ్గర నంబరు తీసుకున్నాడట.

"అక్కా, నువ్వు రక్తం మీద పని చేస్తవట గద. మా బిడ్డకు పరీక్ష చేసిన్రు. ట్రెయిట్ అని రాసిచ్చిన్రు. గదేందో ఎవ్వలు సక్కగ చెప్తలేరు. పెండ్లి ముచ్చట నడుస్తాంది."

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 2047కల్లా ఈ జబ్బు ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని, గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ళ లోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం. ఆ పరీక్షల్లోనే ఈ అమ్మాయిది తేలింది. పరీక్ష అందింది, కాగితం అందింది. కాగితం మీది మాట అర్థమయ్యేలా చెప్పే మనిషి అందలేదు.

డిసెంబర్‌లో పోయాను. అదే దారి, అదే వంతెన. జన్నారం దాటాక కవ్వాల్ టైగర్ రిజర్వ్ బోర్డులు మాత్రం కొత్త. పత్తి ఏరడం అయిపోవచ్చింది, ఇంటి ముందు బస్తాలున్నాయి. రామ్ రామ్ చెప్పి లోపల కూర్చోబెట్టారు. జొన్న రొట్టె, కందిపప్పు, కారం. గోడ మీద నా స్నేహితురాలి ఫొటో లేదు. ఆమె ఫొటో ఎవరూ తీయలేదట. అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. మొదట మేడం అన్నది, రొట్టె తినేసరికి అత్త అన్నది.

ల్యాప్‌టాప్ తీసి బొమ్మలు చూపిద్దామనుకున్నాను. తీయలేదు. అమ్మాయి మెడలో పూసల దండ ఉంది. "ఒకటి నుంచి ఆరు లెక్కపెట్టు" అన్నాను. లెక్కపెట్టింది. "ఇట్లాంటి దండలో 146 పూసలు. ఆరోది మారింది. అమ్మ దగ్గర్నుంచి ఒక దండ, నాయిన దగ్గర్నుంచి ఒక దండ వస్తయి. నీకు ఒకటి మంచిది, ఒకటి మారింది. ఒక మంచి దండ ఉంది కాబట్టి నీకు జబ్బు లేదు. ట్రెయిట్ అంటే గదే. నువ్వు రోగివి కావు." మారిన పూస ఏం చేస్తుందంటే, అడవిలో నడిచినప్పుడు చీర కుచ్చిళ్ళకు గడ్డి గింజలు ఎట్లా అంటుకుంటాయో అట్లా పక్క దండకు అంటుకుంటుంది అని చెప్పాను. దానికి వాళ్ళ నాయనమ్మ తల ఊపింది. ఆమెకు తెలుగు సరిగా రాదు, మనవరాలు గోండిలో చెప్తోంది.

"మా దగ్గరే ఎందుకొచ్చింది అక్కా ఇది? దేవుని కోపమా?" అని తమ్ముడు అడిగాడు. మలేరియా సంగతి చెప్పాను. ఒక మంచి దండ, ఒక మారిన దండ ఉన్న పిల్లలను మలేరియా అంత తేలిగ్గా చంపలేదు, 1954లో ఆఫ్రికాలో ఆలిసన్ అనే డాక్టర్ ఇది చూపించాడు. అడవి జ్వరాల్లో మీ తాతముత్తాతలు బతికి బట్టకట్టడానికి ఇది కూడా ఒక కారణం అన్నాను. ఆ మాటకు ఇంట్లో అందరి ముఖాలూ కాస్త తేటపడ్డాయి.

తర్వాత అసలు సంగతి. అబ్బాయి మేనబావ. గోండుల్లో నాలుగు దేవుళ్ళ వాళ్ళు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ వాళ్ళు అని వర్గాలుంటాయి, ఒకే వర్గంలో పెళ్ళి చేసుకోరు. ఆ లెక్క ప్రకారం సంబంధం సరైనదే. కానీ మారిన దండ ఏ దేవుళ్ళ వాళ్ళనీ చూడదు, ఇటు నుంచీ వస్తుంది, అటు నుంచీ వస్తుంది. అబ్బాయికి పరీక్ష చేయించారా అని అడిగితే ఎవరూ మాట్లాడలేదు. ఆడపిల్ల కాగితం అందరూ చూశారు. మగపిల్లాడిని అడగడానికి మొహమాటం. ఈ మొహమాటం కరీంనగర్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా ఇంతే, దీనికి అడవి అక్కర్లేదు. "అబ్బాయికి లేకపోతే మీ పిల్లలకెవరికీ జబ్బు రాదు. ఉంటే, ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు భయం ఉంటది. పెండ్లి చేసుకోవద్దని నేను చెప్పను. తెలుసుకుని చేసుకోండి. కడుపు పడ్డ కొత్తలనే బిడ్డకుందో లేదో చూసే పరీక్షలు కూడా ఉన్నయి" అన్నాను.

"ఇంత తెలిసినంక మందేది?" అన్నాడు తమ్ముడు. వాడికి జబ్బు లేదు, వాడు అక్క గురించి అడుగుతున్నాడని నాకు తెలుసు. హైడ్రాక్సీయూరియా చెప్పాను. పాత మందు, అమెరికాలో ఈ జబ్బుకు 1998లోనే అనుమతి వచ్చింది. కడుపులో బిడ్డకుండే హిమోగ్లోబిన్‌ను పెద్దయ్యాక కూడా కొంత తయారయ్యేలా చేస్తుంది. అందులో ఆ అంటుకునే పూస ఉండదు, తాడు పేనుకోనివ్వదు. మనదేశపు సికిల్ రోగుల్లో చాలామందికి ఆ పసి హిమోగ్లోబిన్ పుట్టుకతోనే కాస్త ఎక్కువ, అందుకే ఆఫ్రికాతో పోలిస్తే సగటున జబ్బు తీవ్రత తక్కువ అంటారు. సగటు. ఆ మాట పలకడానికి నాకు ఆ ఇంట్లో నోరు రాలేదు.

వాక్సెలోటార్ గురించి వాడికి చెప్పలేదు, మీకు చెప్తాను. హిమోగ్లోబిన్ ఆకారం చూసి, ఆల్ఫా గొలుసు మొదట్లో పట్టుకునేలా రూపొందించిన మందు. ఆక్సిజన్‌ను వదలనివ్వకపోతే గుంట తెరుచుకోదు అనే ఆలోచన. కాగితం మీద ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను. 2019లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు మా ల్యాబ్‌లో మిఠాయి పంచాను. 2024 సెప్టెంబర్‌లో ఫైజర్ కంపెనీ దాన్ని అన్ని దేశాల నుంచీ వెనక్కి తీసుకుంది. నొప్పులు, మరణాల లెక్కలు చూశాక మేలుకన్నా ప్రమాదమే ఎక్కువ అని తేల్చింది. ఆకారం తెలిసినంత మాత్రాన మనిషి తెలిసినట్టు కాదని నాకు రెండోసారి అర్థమైంది.

బయల్దేరేముందు అమ్మాయే అడిగింది, "అత్తా, మీ మిషన్ల ఇది ఎట్ల కనబడ్తది?" అని. అప్పుడు ల్యాప్‌టాప్ తీశాను. పేరు లేని పాత నమూనా, ట్రెయిట్ ఉన్న ఎవరిదో. రెండు శిఖరాలు. 15,867 దగ్గర పొడుగుది, 15,837 దగ్గర కొంచెం పొట్టిది. "నాది గూడ ఇట్లనే ఉంటదా?" అంది. ఉంటుంది అన్నాను. తెర మీద పొట్టి శిఖరం మీద వేలు పెట్టి, "మరి మా పెద్దత్తది?" అంది.

"ఆమెది ఎవ్వలు తూయలేదు బిడ్డా" అన్నాను.

ఫిబ్రవరిలో అబ్బాయి పరీక్ష ఫలితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. అతనిదీ ట్రెయిటే. కింద ఒక ప్రశ్న: నాలుగింట ఒకటి అంటే మొదటి ముగ్గురు మంచిగుంటే నాలుగో బిడ్డకు వస్తదా? కాదు, ప్రతిసారీ గవ్వలు కొత్తగా వేసినట్టే, మొదటి బిడ్డకైనా అంతే భయం, నాలుగో బిడ్డకైనా అంతే అని వాయిస్ మెసేజ్ పెట్టాను. బావకు కూడా వినిపించానని రాత్రి జవాబు వచ్చింది. వాళ్ళిద్దరూ ఇంకా ఏమీ తేల్చుకోలేదు. తన డిగ్రీ అయ్యేదాకా ఆగమని ఇంట్లో చెప్పిందట. ఇంట్లో ఒప్పుకున్నారట.